పదును పెట్టని గొడ్డలి

సాయోంగ్ ముందుగా గొడ్డలి ముక్కు, అంచుకు వెనకవైపు పొడుచుకొచ్చిన కొస, తుడుస్తుంది. అంచు తరువాత, పిడి అన్నిటికన్నా చివర. జల్లించిన ఊకబూడిదను పందికొవ్వులో కలిపి, గోనెముక్కతో అద్దుకుని, ఇనుము పొడవునా ఒకే దిశలో లాగుతుంది. తుప్పు వదిలిన చోట చెయ్యి ఆపుతుంది. కింద ఉన్న నలుపు పోయేదాకా తోమి ఇనుమును అద్దంలా మెరిపించేవాళ్లు తబుక్ పట్టణంలో చాలామంది ఉన్నారు. వాళ్ల పనికి మెచ్చుకోలూ చాలా ఉంది. తుప్పు రోగం, నలుపు వయసు, రోగాన్ని తీయాలిగాని వయసును తీయకూడదని ఆమె తండ్రి దుమావల్ అనేవాడు. ఆయన దల్లాక్ ఊరి కమ్మరి. ఆ ఊళ్లో ఇప్పుడు కొలిమి లేదు.

రెమెదియోస్ పాతవస్తువుల కొట్టు వెనక, రేకుల వసారాలో, నాపరాతి మీద కూర్చుని ఆమె చేసే పని ఇది. భర్త పోయిన ఏడు కొండ దిగి వచ్చింది. అప్పటికి ఆమె జుట్టు నల్లగానే ఉండేది. ఇప్పుడు తల తెల్లబడింది, నడుము ఒంగింది. మణికట్టు నుంచి మోచేతిదాకా ఉన్న పచ్చబొట్టు మాత్రం అలాగే ఉంది. ఫెర్న్ ఆకుల వరసలు చర్మంతోపాటు ముడతలు పడి, వాన వెలిశాక ముడుచుకున్న నిజమైన ఆకుల్లాగే కనబడతాయి. బూడిద తోమీ తోమీ కుడిచేతి బొటనవేలు పలకబారింది.

తుడవడం సగం పని. రెండో సగం, గొడ్డలి ఏ ఊరిదో చెప్పడం. కొండల్లోని ఊళ్లనుంచి గోతాల్లో వచ్చే గొడ్డళ్లకు పుట్టుక చెప్పేవాళ్లు ఉండరు. అమ్మినవాడు చెప్పడు, కొన్నవాడు అడగడు. సాయోంగ్ ముందు కళ్లు మూసుకుని గొడ్డలిని అరచేతిలో తూచుతుంది. ముక్కు సన్నగా, పొడుగ్గా సాగి, అంచు నెలవంకలా లోపలికి వంగి ఉంటే తమ వైపుది. రేకు వెడల్పై ముక్కు పొట్టిగా ఉంటే దక్షిణాన బొంతొక్ వాళ్లది. తరువాత పిడి మీద, బొటనవేలు ఆనడానికి చెక్కిన కొమ్మును తడుముతుంది. ఆ కొమ్ము వంపును బట్టి చెక్కినవాడి ఊరు, పేము అల్లికను బట్టి ఆ ఇంటి ఆడదాని చెయ్యి, పొన్ను అతుకును బట్టి కమ్మరి తెలుస్తారు. అంచు నడుమ భాగం అరిగి పల్లమైతే అది చాలా విందులు చూసిన గొడ్డలి. పిడిని పాదం కింద తొక్కిపట్టి, అంచును పైకి నిలిపి, మాంసపు ముక్కను రెండు చేతులా దాని మీదికి లాగి కోస్తారు కాబట్టి అరుగుదల అక్కడే పడుతుంది.

కొట్టు ముందు గదిలో ఈ గొడ్డళ్లన్నిటి కిందా ఒకే మాట వేలాడుతుంది: తలల వేటగాళ్ల యుద్ధపు గొడ్డలి. తలలు తెగిన కాలం ఈ కొండలకు లేదని ఎవరూ అనరు. కాని ఒక గొడ్డలి ఆయుష్షులో అత్యధిక భాగం పందిమాంసానికీ వంటచెరకుకూ చెల్లిపోతుందన్న సంగతి, సముద్రాలు దాటి వచ్చి దాన్ని గోడకు తగిలించుకునే పెద్దమనిషికి అక్కరలేదు. అతనికి రక్తం కావాలి. అది కూడా ఎప్పుడో ఎండిపోయిన రక్తమై ఉండాలి. ఎవరి రక్తమో తెలియకపోతే మరీ మంచిది. అలాంటి ఒకతను ఒకసారి వసారాలోకి వచ్చి, ఇది ఎన్ని తలలు తీసిందని అడిగాడు.

"పందులవి లెక్కపెట్టలేదు బాబూ," అంది సాయోంగ్.

రెమెదియోస్ నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లిపోయింది. కింది మైదానం నుంచి వచ్చిన మనిషి ఆమె. వ్యాపారం తెలిసినది, మోసం చెయ్యనిది. సాయోంగ్ పాతది అంటే పాతది, కొత్తది అంటే కొత్తది. ఆ మాట మీదే కొట్టు నడుస్తోందని ఆమె పదిమందిలోనూ చెబుతుంది. ఇద్దరికీ ఒక్కచోటే పేచీ. సాయోంగ్ గొడ్డళ్లను ముక్కు గోడవైపుకు తిప్పి తగిలిస్తుంది. అందం కనబడాలని రెమెదియోస్ వాటిని వాకిలి వైపుకు తిప్పుతుంది. మర్నాటికి అవి మళ్లీ గోడవైపు తిరిగి ఉంటాయి. ముక్కు వాకిలిని చూస్తుంటే అది బయలుదేరబోయే గొడ్డలి. గోడను చూస్తుంటే ఇంటిపట్టున ఉన్న గొడ్డలి.

ఆ ఉదయం ఆల్డో గోతం భుజాన వేసుకుని వచ్చాడు. ఊరూరా తిరిగి పాతసామాను కొని తెచ్చేవాడు అతను. మోసేది సామాను ఒక్కటే కాదు, అన్ని ఊళ్ల కబుర్లూ మోస్తాడు.

"బరువుకి నడుం పోయిందక్కా," అంటూ గోతం దించాడు.

"బరువుకి కాదురా. తాగి కాలవలో పడ్డావుగా, అప్పుడు పోయింది."

"కాలవ అని ఎవరన్నారు?" అంది రెమెదియోస్ కాఫీ కప్పుతో వస్తూ. "నేను విన్నది పందులదొడ్డి."

"మీ ఇద్దరి నోళ్లలో పడేకంటే ఆ దొడ్లో పడ్డమే నయం." ఆల్డో గోతం బోర్లించాడు. బుట్టలు, ఒక మట్టికుండ, చెక్క గరిటెలు, వాటి మధ్య ఒక గొడ్డలి జారి నాపరాతికి తగిలింది.

"ఇవన్నీ సుయ్యాంగ్‌లో బనాసన్ ముసలాయన ఇంట్లోవి. ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు కోడలు ఇచ్చేసింది, ఇల్లు సర్దుతున్నానని. నిన్న అటునుంచే వచ్చా. ఆయన్ని తిరిగి తీసుకొచ్చేశారు. తీగల వంతెన మీద దుప్పట్లో మోసుకుంటూ. ఇవాళో రేపో అన్నట్టుంది. పెద్దల్ని పిలవడానికి ఇవాళ పొద్దున్నే కొడుకు కొండెక్కుతాడట. సాయంత్రానికి అందరూ చేరతారు."

సాయోంగ్ గొడ్డలిని చేతిలోకి తీసుకుంది. కళ్లు మూసుకోవలసిన అవసరం లేకపోయినా మూసుకుంది. బొటనవేలు పిడి కొమ్మును దాటి, పొన్నును దాటి, రేకు మెడ దగ్గరికి వెళ్లింది. అక్కడ వెంట్రుకంత సన్నని గీత ఒకటి ఉంది. చల్లబడిన ఇనుము మీద సుత్తి పడితే రెండు పొరలూ కలవక మిగిలే గీత అది. దుమావల్ చేసిన ఇంకే గొడ్డలి మీదా అలాంటి గీత లేదు.

అది తయారైన రోజు కొలిమి దగ్గర గొట్టాల తిత్తి లాగుతున్నది, అప్పటికి చిన్నపిల్ల అయిన ఆమే. నీళ్ల తగాదాలో ఆమె అన్న అగ్యావ్‌ను సుయ్యాంగ్ వాళ్లు నరికి అప్పటికి రెండు పంటలైంది. దానికి బదులుగా సుయ్యాంగ్ మనిషి ఒకడు పోయాడు. అప్పుడు రెండు ఊళ్ల పెద్దలూ కూర్చుని బోదొంగ్ కుదుర్చుకున్నారు. ఇక ఒకరినొకరు చంపుకోబోమని, ఒకరి నేల మీద ఒకరికి అపాయం రానివ్వబోమని ఒడంబడిక. దానికి గుర్తుగా దల్లాక్ నుంచి ఒక గొడ్డలి సుయ్యాంగ్‌కు వెళ్లాలి. చేయవలసినవాడు కమ్మరి, చచ్చిపోయినవాడి తండ్రి. లారీ కమాను పట్టీ ఒకటి ఎర్రగా కాలుతుండగా, ఇది ఎవరి ఇంటికి వెళుతుందో పిల్లకు తెలిసింది. తిత్తి వదిలేసింది. నిప్పు నల్లబడింది. దుమావల్ తిట్టలేదు. సుత్తి ఎత్తి అలాగే ఒక దెబ్బ కొట్టాడు, ఇనుము చల్లబడుతోందని తెలిసి కూడా. తరువాత పట్టకారు పట్టుకుని నిలబడి, చాలాసేపు ఎదురుచూసి, "లాగమ్మా," అన్నాడు. ఆమె లాగింది.

పని అయ్యాక సానరాయి అందించబోతే చెయ్యి అడ్డంపెట్టాడు.

"దీనికి పదును పెట్టను. పెడితే ఎవడి మీదో తలుచుకుని పెట్టాలి. నాకు తలుచుకోవడం ఇష్టంలేదు."

అలా పదును లేని గొడ్డలి సుయ్యాంగ్ చేరింది. తీసుకువెళ్లినవాడు, అప్పటికి మీసాలు సరిగా రాని బనాసన్. దుమావల్ ఇంట్లో కూర్చుని, దుమావల్ వడ్డించిన అన్నం తిన్నాడు. ఆ గొడ్డలి అతని ఇంటి చిలక్కొయ్యల మీద ఉన్నంతకాలం మాట ఉన్నట్టు. అతను కన్నుమూసేవేళ అది గోడ మీద ఉంటే మాట కొడుకుది అవుతుంది. అది దల్లాక్‌కు తిరిగి వచ్చిందంటే మాట వెనక్కి వచ్చినట్టు, తగవు మళ్లీ తెరిచినట్టు. మరి అమ్ముడుపోతే? అలాంటిది ఎన్నడూ జరగలేదు కాబట్టి దానికి నియమం లేదు. నియమం లేని అవమానమే అన్నిటికన్నా ప్రమాదం.

దల్లాక్‌లో బడి లేదు. పిల్లలందరూ, సాయోంగ్ మనవలతో సహా, రోజూ వంతెన దాటి సుయ్యాంగ్ బడికే వెళతారు. వాళ్లకు ఆ దారి దారి మాత్రమే. ఆమె చిన్నప్పుడు అటువైపు కళ్లు తిప్పడానికి కూడా మనుషులు భయపడేవారు.

"బాగుందా అక్కా?" రెమెదియోస్ వంగి చూసింది. "పిడి పాతదే. అంచు మాత్రం సానరాయే చూసినట్టు లేదు. ఎక్కడా అరగలేదు."

ఆల్డో కుండ మీద దుమ్ము ఊదుతూ చెవి ఇటే ఉంచాడు. నిజం చెబితే చాలు. మధ్యాహ్నం కొండ ఊళ్లకు వెళ్లే జీప్నీ బండి కదిలేలోగా ఆ మాట బజారు దాటుతుంది, చీకటి పడేలోగా కొండెక్కుతుంది: సుయ్యాంగ్ వాళ్లు దల్లాక్ మాటను అంగట్లో అమ్మేశారట.

గొడ్డలి విషయంలో సాయోంగ్ ఏనాడూ అబద్ధం చెప్పలేదు. సొంత మేనల్లుడు ముఖ్యమైన కొనుగోలుదారు ముందు కొత్తదాన్ని పాతదని చెప్పమని బతిమాలినా చెప్పలేదు. అతను ఇప్పటికీ మాట్లాడడు. ఆమెకు ఈ పట్టణంలో ఇల్లు లేదు, పొలం లేదు, మాట ఒక్కటే ఉంది.

"కొత్తది," అంది. "ఎవరో పాత పిడికి కొత్త రేకు తొడిగారు. వచ్చేపోయేవాళ్లకి అమ్మడానికి."

ఆల్డో నొచ్చుకున్నాడు. "ఆ కోడలు నన్ను ముంచిందన్నమాట!"

"నువ్వు ఆవిణ్ణి ఎంత ముంచావో ఆవిణ్ణడిగితే తెలుస్తుంది," అంది రెమెదియోస్. "సరే, నకిలీవి నా గోడ మీద ఉండటానికి వీల్లేదు. పుల్లలు కొట్టుకోవడానికి తీసుకుపో అక్కా."

ఆల్డో కాఫీ తాగి వెళ్లిపోయాడు. సాయోంగ్ పని ఆపలేదు. చేతిలో ఉన్న బొంతొక్ గొడ్డలిని చివరిదాకా తుడిచి, ముక్కు గోడవైపు తిప్పి తగిలించింది. తరువాత ఆ "నకిలీ"ని ఒళ్లో పెట్టుకుంది. బూడిద వాడలేదు. కొవ్వు మాత్రం వేలితో రాసి, మెడ మీది గీతలోకి ఇంకేలా అద్ది, శుభ్రమైన గుడ్డ చుట్టింది. లేచి చూస్తే రెమెదియోస్ గుమ్మంలో ఉంది. ఎప్పటినుంచి ఉందో తెలియదు.

"పుల్లలు కొట్టే గొడ్డలికి కొవ్వు రాసి గుడ్డ చుడుతున్నావేంటక్కా?"

సాయోంగ్ మూటను చంకలోకి సర్దుకుంది. ముసిలిదాని ముఖం అబద్ధానికి అలవాటుపడలేదు, మెడదాకా ఎర్రబడింది. రెమెదియోస్ చూపు ఆ గుడ్డ మూట మీద పడింది.

"మధ్యాహ్నం జీప్నీలో డ్రైవర్ పక్క సీటు చెప్పి ఉంచుతాను," అంది. "వెనకెక్కితే ఆ మలుపుల్లో నీ ఎముకలు మిగలవు. రేపు రాకపోయినా ఫరవాలేదు. ఎల్లుండి మాత్రం రా. గోడ మీద గొడ్డళ్లన్నీ నీకోసం గోడకేసి చూస్తూ ఉంటాయి."

చికో నది పక్కగా దారి ఎక్కుతూ పోయింది. మూట ఒళ్లో ఉంది. టాపు మీద బియ్యం బస్తాల మధ్య ఎవరో పాట పాడుతుంటే, డ్రైవర్ తల బయటపెట్టి, "ఒరే, కోళ్లు గుడ్లు పెట్టడం మానేస్తాయిరా!" అని అరిచాడు. సాయోంగ్ నవ్వింది. నవ్వుతూనే మూటను గట్టిగా పట్టుకుంది. సుయ్యాంగ్ మలుపులో దిగి, తీగల వంతెన దాటుతుండగా బడి వదిలిన దల్లాక్ పిల్లలు ఎదురొచ్చారు. వంతెనను కావాలని ఊపుతున్నారు.

"ఊపకండర్రా, ముసిల్దాన్ని!"

"నువ్వు పడితే మేం ఎత్తుతాంలే అమ్మమ్మా!"

పిల్లలు కేకలు వేసుకుంటూ దాటిపోయారు. వాళ్లలో ఒక్కడు కూడా వెనక్కి తిరిగి అటూ ఇటూ చూసుకోలేదు. ఆ చూసుకోకపోవడం కోసమే ఒక మనిషి తన కొడుకును చంపినవాళ్లకు గొడ్డలి చేశాడని వాళ్లకు చెప్పవలసిన పని లేదు.

బనాసన్ ఇల్లు వరిమళ్ల అంచున ఉంది. కోడలు నెనీత వాకిట్లో పొయ్యి రాజేస్తోంది. ఎక్కడో దూరపు మైదానంలో పుట్టి ఇటు కాపురానికి వచ్చిన పిల్ల. ఆచారం మాత్రం నేర్చుకుంది. కొత్తమనిషిని చూడగానే ముందు నీళ్లు తెచ్చి ఇచ్చింది. సాయోంగ్ తాగింది. నీళ్లు తాగాక ఆ ఇంటి నేల మీద ఆమెకు అపాయం లేదు, ఆమె వల్ల ఆ ఇంటికీ లేదు. అప్పుడు మూటను కట్టెల మోపు పక్కన నేల మీద పెట్టి, గుడ్డ విప్పింది.

నెనీత ముఖం పాలిపోయింది.

"పిన్నీ… ఇది… ఇంట్లో ఎలకలు, దుమ్మూ… పనికిరాని సామాననుకుని… రాత్రి మామయ్య చెయ్యి గోడకేసి చూపిస్తూనే ఉన్నాడు. ఎందుకో మా ఆయన్ని అడిగితే అప్పుడు తెలిసింది. చీకట్లో మా ఆయన గోడకేసి చూడలేదు, నేను ఇంకా ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే నోరు రావట్లేదు. నేనమ్మేశాను పిన్నీ."

"నువ్వేం అమ్మలేదు," అంది సాయోంగ్. "తుడవడానికి పంపావు. తుడిచాను."

ఆ పిల్ల రెండడుగులు వెనక్కి వేసి నిలబడింది.

"నిలబడితే ఎలా? తీసుకో. నా చేత్తో నీ చేతికి ఇవ్వకూడదు. నాది దల్లాక్. నేను ఇస్తే తిరిగిచ్చినట్టు, నేను తగిలిస్తే కొత్తగా తెచ్చినట్టు. ఇది ఎక్కడికీ పోలేదు. మీ నేల మీదుంది, మీ కట్టెల పక్కనుంది. నీ చేత్తో ఎత్తి, దాని చోట పెట్టు. మెల్లగా. ఆ మెడ దగ్గర పట్టుకోకు, పిడి పట్టుకో."

నెనీత రెండు చేతులా ఎత్తుకుంది, పసిబిడ్డను ఎత్తినట్టు. ఇద్దరూ లోపలికి వెళ్లారు.

బనాసన్ చాప మీద ఉన్నాడు. మనిషిలో ఎముకలు, కళ్లు మిగిలాయి. కోడలు మెట్ల పీట ఎక్కి గొడ్డలిని చిలక్కొయ్యల మీద ఉంచింది. ముసలాయన వేళ్లు దుప్పటి మీద కదిలాయి.

"ముక్కు… వాకిలికి కాదే పిల్లా. గోడకి."

"చూశావా," అంది సాయోంగ్, "ఇంకా పెత్తనం పోలేదు."

నెనీత ఏడుస్తూనే నవ్వి, ముక్కును గోడవైపు తిప్పింది. అప్పుడాయన కళ్లు సాయోంగ్ వైపు తిరిగాయి. పచ్చబొట్టు చేతుల మీద ఆగాయి.

"తిత్తి లాగిన పిల్లవి కదూ."

"అవును మామా."

"ఆ రోజు అన్నంలో… విషం పెట్టారనుకున్నాను. అయినా తిన్నాను."

"ఉప్పు ఎక్కువైంది. వండింది నేనే."

ముసలాయన ఛాతీ కదిలింది. అది దగ్గో నవ్వో తేల్చడం కష్టం. ఆ తరువాత ఆయన చూపు మళ్లీ గొడ్డలి మీదికి వెళ్లింది.

"ఎవరైనా పదును పెట్టారా?"

"లేదు మామా. రాయి తగల్లేదు."

ఆయన కళ్లు మూసుకున్నాడు. నెనీత కాఫీ కాచడానికి వాకిట్లోకి వెళ్లింది. సాయోంగ్ చాప పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది. అన్న అగ్యావ్ బతికి ఉంటే అతని చెయ్యి కూడా ఇంత వయసుదే అయి ఉండేది. బయట పొయ్యి మీద నీళ్లు మరిగే చప్పుడు లోపలికి వినబడుతోంది. కాఫీ వాసన గదిలోకి వచ్చేసరికి చేతిలో ఉన్న చెయ్యి మారలేదు, దాని బరువు మారింది. ఇనుము చల్లబడటం తెలిసిన మనిషి కాబట్టి ఆమె ఎవరినీ కేకవేయలేదు. దుప్పటి సర్ది, చేతిని ఆయన గుండె మీద పెట్టి, బయటికి వచ్చింది.

"పెద్దలు వచ్చేదాకా ఆయన దగ్గర కూర్చో అమ్మా. పోయాడన్న కబురు మీ ఇంటి నోటే రావాలి, దల్లాక్ నోట కాదు; వాళ్లు వచ్చాక ఏడవచ్చు. ముందు కాఫీ ఇలా ఇయ్యి."

నిలబడే తాగింది. దారి దిగుతుండగా పెద్దలు ఎదురయ్యారు. ముందు కొడుకు, వెనక ఊతకర్రలతో ముసలివాళ్లు. వాళ్లలో ఒకడు ఆమెను గుర్తుపట్టాడు.

"దల్లాక్ వదిన! మా ఇంటికొచ్చి ఊరికే పోతున్నావా? కాఫీ అయినా తాగావా?"

"తాగాను," అంది సాయోంగ్. "చక్కెర ఎక్కువ వేస్తారు మీవాళ్లు. ఉప్పులో మా చెయ్యి, చక్కెరలో మీ చెయ్యి."

వాళ్లు నవ్వుతూ పైకి వెళ్లారు. ఆమె ఖాళీ గుడ్డను మడిచి నడుములో దోపుకుని, వెనక్కి చూడకుండా వంతెన వైపు దిగింది.

ఇంట్లో, పొయ్యి పొగ పట్టిన గోడ మీద, ముక్కు గోడకు తిప్పుకుని గొడ్డలి ఉంది; మెడ మీది గీతలో అద్దిన కొవ్వు గది వెచ్చదనానికి కరిగి, ఏ రాయీ తాకని నల్లటి అంచు పొడవునా మెల్లగా పాకుతోంది.